నా వాంగ్మూలంలో ఒక్క మాట

ముప్పై ఏళ్లకు కొంచెం తక్కువగా లారీ నడిపాను. అందులో మొదటి అయిదారేళ్లు చదువు కోసం నడిపాను. మిగతా ఏళ్లు ఆ చదువు అన్నం పెట్టలేదని నడిపాను. రెండేళ్ల కింద నడుము పట్టేసి, క్యాబిన్ ఎక్కడానికి ఇద్దరు చెయ్యందించాల్సి వచ్చినప్పుడు ఇక చాలని దిగిపోయాను.

నాందేడ్‌లో నేనుండే గల్లీలో చాలామంది చదువుకునే పిల్లలు ఏదో ఒక బండి నడుపుతున్నారు. ఒకతను ఇంటింటికీ పార్సిళ్లు పంచుతాడు. ఒకతను పొద్దున కాలేజీకి పోయి సాయంత్రం ఆటో తీస్తాడు. నా సంగతి ఎవరో చెప్పారట. "కాకా, మీరు లారీ తోలుకుంట బీయే చదివిండ్రట కదా!" అని నన్ను చూసినప్పుడల్లా గౌరవంగా నవ్వుతారు. ఆ గౌరవం తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు. ఎందుకు రాదో వాళ్లకు నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలో తెలుగు సరిహద్దున ఉన్న కర్ఖేలి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాన్నకున్నది వానమీద ఆధారపడ్డ చెలక. నేను పన్నెండో తరగతి పాసైన ఏడు వానలు ఎగ్గొట్టాయి. పై చదువు మాటెత్తితే నాన్న కోప్పడలేదు, వద్దనలేదు. ఊరికే లేచి బయటికి పోయాడు. అప్పుడే అనుకున్నాను, ఇక అడగకూడదని. బిలోలిలో ఒక సేట్ దగ్గర రేతి లారీల మీద, అంటే ఇసుక బండ్ల మీద, పనికి కుదిరాను. మంజీర ఒడ్డున రేతి నింపుకొని నాందేడ్‌లో, నర్సీలో ఇళ్లు కట్టేచోట పోసి రావడం పని. రెండేళ్లు అక్కడే పని నేర్చుకొని, పెద్ద బండి లైసెన్సు తీసుకొని, నాందేడ్‌లో బీయేలో చేరాను. విషయం భూగోళం. పంతులు కావాలన్నది నా కోరిక. కోరిక వెనక గొప్ప ఆదర్శమేదీ లేదు. మా ఊళ్లో మడత నలగని అంగీ వేసుకునేది ఒక్క పంతులే.

నాకు స్టీరింగ్ పట్టించిన పెద్ద డ్రైవర్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. అప్పటికే యాభై అయిదు దాటిన మనిషి. చదువు రాదు. కానీ ఆ రోడ్ల మీద ఏ గుంత ఏ వానకు పడిందో చెప్పగలడు. నేర్పేటప్పుడు ఒక్కనాడూ తిట్టలేదు. నేను గేరు తప్పుగా వేస్తే ఇంజను అరిచేది, ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఆ చూపే నాకు తిట్టు.

కాలేజీ మొదలయ్యాక వారంలో మూడు రోజులు నేను నాందేడ్ పోయేవాణ్ని, ఆ మూడు రోజులు నా బండి ఆయన నడిపేవాడు. మిగతా రోజుల్లో నేను నడుపుతుంటే పక్కన కూర్చొని నా పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకునేవాడు. లోడింగ్ దగ్గర ఆగినప్పుడల్లా నాకిచ్చి చదవమనేవాడు. నేను మరాఠీలో చదివి తెలుగులో చెప్పాలి. ఒకసారి గోదావరి పాఠం వచ్చింది.

"మంజీర గోదావరిల ఎక్కడ కలుస్తదని రాసిండ్రు?" అన్నాడు.

"కందకుర్తి కాడ అని ఉంది ఉస్తాద్."

"గది సరే. ఆడ నీళ్లు ఎట్లుంటయో రాసిండ్రా?"

"లేదు."

"మంజీర నీళ్లు ఒక దిక్కు, గోదావరి నీళ్లు ఒక దిక్కు, జెర్ర దూరం దాంక కలువయి. రంగు ఏరువడ్తది. నేను సూసిన. నీ పుస్తకం రాసినాయన సూడలేడు." నా చేతిలో పుస్తకం మూసి, "నువ్వు పంతులైనంక పోరగాండ్లకు గది గూడ చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నేను మూడో సంవత్సరంలోకి వచ్చేసరికి ఆయన లైసెన్సు గడువు ముగిసింది. కళ్ల పరీక్షలో ఆయన తప్పాడు. షుగర్ ఎక్కువగా ఉందని, అది తగ్గేదాకా ఆపరేషన్ కుదరదని డాక్టర్లు అన్నారట. అప్పటినుంచి ఆయన లారీలు నిలిపే అడ్డాలోనే ఉండి, లోడు మీద కప్పే తాడుపత్రీలు కుట్టడం, టైర్లు మార్పించడం చూసుకునేవాడు. నేను లేని రోజులకు సేట్ మరో డ్రైవర్ను పెట్టాడు.

ఉస్తాద్ కళ్ల సంగతి నాకు తెలుసు. ఈ మాట ఇక్కడ గట్టిగా రాయాలి. ఒకరోజు పట్టపగలు నా పక్కన కూర్చొని, "ఎదురుంగ అచ్చేది బస్సా లారీనా?" అని అడిగాడు. అది ఎడ్లబండి. నేను "లారీ" అన్నాను. ఆయన "అవ్ అవ్, లారీనే" అన్నాడు. ఇద్దరం మళ్లీ దాని గురించి మాట్లాడలేదు.

చివరి సంవత్సరం చివరి పేపరు. పొద్దున ఏడు గంటలకు నేను అడ్డాలో స్నానం చేసి, హాల్ టికెట్టు జేబులో పెట్టుకొని బస్సు కోసం బయల్దేరుతున్నాను. పదకొండుకు పరీక్ష. నా బదులు రావాల్సిన డ్రైవర్, భార్యకు నొప్పులొచ్చి, ఆస్పత్రికి పోయాడని కబురొచ్చింది. ఎదురుగా ఉన్న హోటల్ ఫోనుకు సేట్ ఫోను చేశాడు.

"మధ్యాహ్నం నర్సీల స్లాబ్ వడ్తది. రేతి చేరాలె. నువ్వే తోలు."

"సేట్, ఇయ్యాల ఆఖరి పేపర్. మూడేండ్ల చదువు."

"నీ చదువు నీది, నా బండి నాది. ఇయ్యాల బండి నిలవడ్డదంటే రేపటికెల్లి ఇంకొకన్ని చూస్కుంట" అని ఫోను పెట్టేశాడు.

సేట్ దుర్మార్గుడు కాదు. ఆ రోజు ఆయనకు స్లాబు ముఖ్యం, నాకు పేపరు ముఖ్యం. నేను హోటల్ బయట నిలబడిపోయాను. బండి తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఉస్తాద్ వచ్చి సంగతి అడిగాడు. చెప్పాను.

"గింతేనా? నేను తోల్త, నువ్ పో" అన్నాడు.

"వద్దు ఉస్తాద్. లైసెన్స్ లేదు."

"ఒక్క ట్రిప్పు. నలభై ఏండ్ల సంది తోల్తున్న రోడ్డు. కండ్లు మూస్కొని తోల్త."

నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన చెయ్యి చాపాడు. రెండోసారి వద్దని చెప్పడానికి నాకు సమయం ఉంది. బస్సు ఇంకా స్టాండులోనే ఉంది. నేను వద్దనలేదు. తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి, "పైలం" అని జాగ్రత్త చెప్పాను. అంతే, బస్సు ఎక్కేశాను. దారంతా చదువుకున్నాను. ఒక్కసారి కూడా ఆయన గుర్తుకు రాలేదు.

పేపరు బాగా రాశాను. మూడేళ్లలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. రెండు గంటలకు బయటికి వచ్చి, గేటు దగ్గర చెరుకు రసం తాగి, బిలోలి బస్సు ఎక్కాను.

గంటన్నర ప్రయాణమయ్యాక బస్సు ఆగింది. ముందు చాలా బండ్లు ఆగి ఉన్నాయి. ఎవరో రైతును లారీ కొట్టేసిందని, ఊరివాళ్లు శవాన్ని రోడ్డు మీద పెట్టి కూర్చున్నారని కండక్టర్ చెప్పాడు. చాలాసేపటికి ఒకవైపు దారి వదిలారు. బస్సు మెల్లగా కదిలింది. అందరూ నా వైపు కిటికీల మీద పడ్డారు. రోడ్డు దిగి మడిలోకి ఒరిగి ఉన్న లారీ వెనకభాగం కనిపించింది. వెనక తలుపుకు నేను స్వయంగా కట్టిన తీగ కనిపించింది. రేతి సగం మడిలో పోసుకుపోయి ఉంది. ఇంకొంచెం ముందు ఒక సైకిలు, విత్తనాల సంచి. సంచి పగిలి, సోయా గింజలు తారు మీద చెదిరి ఉన్నాయి.

ఉస్తాద్ రోడ్డు పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. ఇద్దరు పోలీసులు అటూ ఇటూ. తలకు తువ్వాలు, దాని మీద రక్తం. కొట్టినట్టున్నారు. బస్సు ఆయనకు పది అడుగుల దూరంలో, నడిచే మనిషి వేగంతో పోతోంది. ఆయన తలెత్తి బస్సు వైపు చూశాడు. సరిగ్గా నా కిటికీ వైపే చూశాడు. నేను ఆయనకు కనిపించలేదు. కనిపించనని నాకు తెలుసు. తెలుసు కాబట్టే నేను దిగలేదు.

బిలోలి దాకా అలాగే కూర్చున్నాను. పక్కనున్న ముసలమ్మ, "ఏమైంది తమ్మీ, చెమట్లు వడ్తున్నయ్?" అని నీళ్లు ఇచ్చింది. తాగాను.

అడ్డాలో సేట్ అప్పటికే ఉన్నాడు. వెంట ఒక వకీలు. నన్ను చూడగానే లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. నా భుజం మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

"చూడు తమ్మీ. అయ్యింది అయ్యింది. ముసలాయనకు లైసెన్స్ లేదు. లైసెన్స్ లేనోడు తోలిండంటే ఇన్సూరెన్సోడు పైసలియ్యడు. చచ్చినాయనకు భార్య ఉంది, ఇద్దరు ఆడివిల్లలున్నరు. వాళ్లకేం రాదు. ముసలాయన జైలుకు వోతడు, ఆ షుగర్‌తోని ఆడ బతుకడు. నాకు బండి వోతది."

సేట్ చెయ్యి నా భుజం మీదే ఉంచాడు.

"నువ్వు తోలిన అని చెప్పు. నీకు లైసెన్స్ ఉంది. రేప్పొద్దుగాల్లనే జమానత్ మీద ఇడిపిస్త. కేసు ఏండ్లు నడుస్తది, ఆఖరికి ఏం గాదు. అందరికి మంచిగైతది."

"నేను పరీక్షల ఉన్న సేట్. సంతకం జేసిన."

"గది నేను చూస్కుంట. గైర్హాజరు అని రాయించొచ్చు. పేపర్ మల్ల రాసుకో. ఏడాది ఆలస్యమైతది, అంతే. నీ ఫీజు నేను కడ్త. ముందటి చదువు గూడ నేనే చదివిస్త, మాట ఇస్తున్న."

అందరికీ మంచి జరిగే అబద్ధం అది. నష్టం నాకొక్కడికే. తన మీద కేసు ఉన్నవాడు సర్కారు పంతులు కాలేడని నేను విన్నాను. అది నిజమో కాదో కూడా అప్పుడు సరిగ్గా తెలియదు. వినికిడే చాలు. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రి సంగతి రాయను. రాయడానికి అందులో ఏమీ లేదు, నేను దేన్నీ తూచలేదు. నేనేం చెప్పబోతున్నానో బస్సులోంచి దిగనప్పుడే తేలిపోయింది.

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్‌లో ఉస్తాద్‌ను బల్ల మీద కూర్చోబెట్టారు. తలకు కట్టు కట్టారు. నా చెప్పుల చప్పుడుకు తల తిప్పాడు.

"అచ్చినవా? పేపర్ ఎట్ల రాసినవ్?"

"మంచిగనే రాసిన ఉస్తాద్."

"ఆయన పక్కకే ఉండె బిడ్డా. సైకిల్ మీద. నాకు చెట్టు నీడ అనిపిచ్చింది." గొంతు తగ్గించాడు. "సేట్ నీతోని ఏమన్న అన్నడా?"

"అన్నడు."

"ఇనకు. నువ్వు ఆడ లేవు. కాలేజీల ఉన్న అని చెప్పు. గంతే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు తేలికగా కూడా అనిపించింది. ఆయనే చెప్పమన్నాడు కదా అనుకున్నాను. ఇప్పటికీ ఆ తేలికతనం గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఫౌజ్‌దార్ అంటే ఎస్సై, మరాఠీవాడు. "గాడీ కోణ్ చాలవత్ హోతా?" అని అడిగాడు. బండి ఎవరు నడిపారని. నేను పరీక్ష రాస్తున్నానని చెప్పి హాల్ టికెట్టు చూపించాను. ఆయన దాన్ని తిప్పి చూశాడు. సేట్ ముఖం మాడిపోయింది. ఫౌజ్‌దార్ తలూపి, రాసుకుంటూ ఇంకో ప్రశ్న వేశాడు.

"చావీ కుణీ దిలీ?"

తాళంచెవి ఎవరిచ్చారు?

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. సేట్ నేర్పలేదు, ఉస్తాద్ చెప్పలేదు. లైసెన్సు లేదని తెలిసి బండి ఇచ్చినవాడి మీద కూడా కేసవుతుందని ఫౌజ్‌దార్ అనలేదు. ఎవరూ బెదిరించలేదు. నేనే అనుకున్నాను. నేనే చెప్పాను.

"గోడకు మేకుకు ఉంటది సాహెబ్. నేను ఆడనే వెట్టి పోయిన. ఆయననే తీస్కొని ఉంటడు."

మరాఠీలో చెప్పాను. ఉస్తాద్‌కు మరాఠీ నాకంటే బాగా వచ్చు. నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన తలెత్తలేదు. చేతులు చూసుకుంటున్నట్టు వంగి కూర్చున్నాడు. ఆ చేతులు కూడా ఆయనకు సరిగ్గా కనిపించేవి కావు.

ఫౌజ్‌దార్ రాసింది చదివి వినిపించి, సంతకం పెట్టించుకొని, "శాబ్బాస్. ఖరం బోల్లాస్" అన్నాడు. నిజం చెప్పావని మెచ్చుకున్నాడు. బయటికి వస్తుంటే ఒక జమాదారు కూడా మరాఠీలో, చదువుకున్న పిల్లలంటే ఇలా ఉండాలని అన్నాడు. ఊళ్లో కూడా ఆ మాటే పాకింది. సేట్ డబ్బు ఆశ చూపినా లొంగలేదని. నాన్న జీవితంలో మొదటిసారి పదిమందిలో నా గురించి మాట్లాడాడు.

ఆ ఒక్క మాట నేను అనుకున్నదానికంటే దూరం పోయింది. కేసు నడిచినప్పుడు సేట్ వకీలు దాన్ని దొరకబుచ్చుకున్నాడు. యజమానికి చెప్పకుండా, డ్రైవర్‌కు తెలియకుండా, గోడకున్న తాళంచెవి తీసుకొని ముసలాయన తనంతట తానే బండి తీశాడని, సేట్‌కు బాధ్యత లేదని వాదించాడు. నా వాంగ్మూలమే ఆధారం. నన్ను సాక్షిగా పిలిచారు. బోనులో నిలబడి అదే మాట మళ్లీ చెప్పాను. మొదటిసారి భయంతో చెప్పాను. రెండోసారి అలవాటుగా చెప్పాను. ఉస్తాద్ తరఫు వకీలు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ రోజు నాకు అర్థం కాలేదు. నా అదృష్టం అనుకున్నాను.

కోర్టు వరండాలో చనిపోయిన రైతు భార్య నా దగ్గరికి వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. కొంగు రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. గొడవ పెట్టుకుంటుందేమోనని నేను వెనక్కి జరిగాను.

"తమ్మీ, నువ్వు తోలిన అని ఒక్క మాటంటే మాకు పైసలు అస్తుండెనట. నిజమేనా?" అని అడిగింది.

"నేను తోలలేదక్కా. పరీక్షల ఉన్న."

"నాకెర్కే. తోలలేవని ఎర్కే. అంటే అస్తుండెనా అని అడుగుతున్న."

"అబద్ధం చెప్పొద్దు కదక్కా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేదు. లెక్క అర్థంకాని పిల్ల బోర్డు వైపు చూసినట్టు చూసింది. "గట్లనా" అని పోయి తన కూతుళ్ల పక్కన కూర్చుంది. వాళ్లకు రావాల్సిన పరిహారం కేసు వేరేగా నడిచింది. అది చివరికి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నేను తెలుసుకోలేదు.

ఉస్తాద్‌కు శిక్ష పడింది. సంవత్సరానికి పైగా లోపల ఉన్నాడు. బయటికి వచ్చేసరికి కళ్లు పూర్తిగా పోయాయి. నేను ఈలోపు మంచి మార్కులతో పాసై, వేరే సేట్ దగ్గర సిమెంటు బండి నడుపుతూ బీయెడ్ పూర్తి చేశాను. తాలూకాలో ఒక బడిలో ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే, జీతం లేని ఉద్యోగం. మా మరాఠ్వాడాలో ఇప్పటికీ ఉన్న సంగతే. సర్కారు ఇంకా అనుదానం ఇవ్వని బడులవి. ఇవాళ కాకపోతే రేపు గ్రాంటు వస్తుంది, అప్పుడు మొదటినుంచీ ఉన్నవాళ్లే పర్మనెంటు అవుతారని ఊరికే పనిచేయించుకుంటారు. చేరినప్పుడు నాతోపాటు నలుగురం. అందరం మడత నలగని అంగీలే వేసుకునేవాళ్లం.

ఆ ఉద్యోగం వచ్చిన వారానికి ఉస్తాద్ ఇంటికి పోయాను. జైలు నుంచి వచ్చాక నేను వెళ్లడం అదే మొదలు. క్షమించమని అడగాలనే పోయాను. ఆయన ఇల్లు బిలోలి పొలిమేరలో, రోడ్డు పక్కనే. గడపలో కూర్చొని ఉన్నాడు. ఆయన భార్య బీడీలు చుడుతోంది. నేను గొంతు విప్పగానే గుర్తుపట్టాడు. పంతులునయ్యానని చెప్పాను.

ఆయన లేచి నిలబడ్డాడు. తడుముకుంటూ నా అంగీ చేతిని పట్టుకొని, మడత మీద వేలు జరిపాడు. "ఇస్త్రీ" అన్నాడు. తర్వాత భార్యను కేకేశాడు. "ఏమే, మా పంతులు అచ్చిండు! చాయ్ వెట్టు! పక్కింటోళ్లను పిలువు!"

పిలిచారు. నలుగురు వచ్చారు. "నా బండి మీదనే చదివిండు. పుస్తకం నాకు చదివి చెప్తుండె" అని వాళ్లకు చెప్పాడు. మంజీర, గోదావరి నీళ్ల రంగు పిల్లలకు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. అది నిజమే. ఆ సంతోషంలో తాళంచెవి మాట ఎత్తలేకపోయాను. జీతం లేదన్న మాట కూడా చెప్పలేదు. చాయ్ తాగి వచ్చేశాను.

ఆరేళ్లు పనిచేశాను. గ్రాంటు రాలేదు. సెలవుల్లో బండి నడిపేవాణ్ని, బడి తెరిచాక వదిలేసేవాణ్ని. పెళ్లయింది, బిడ్డ పుట్టింది. బిడ్డకు జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి నా భార్య తన పుట్టింటికి పోయి అడిగి వచ్చిన రోజున బడికి రాజీనామా రాశాను. కలిసి చేరిన నలుగురిలో ఆఖరున మానేసింది నేనే. హెడ్మాస్టర్ కాగితం తీసుకొని కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకూ జీతం లేదు.

మళ్లీ స్టీరింగ్ పట్టిన నెలలోపే, సోయా బస్తాల లోడుతో బిలోలి మీదుగా పోతుంటే ఉస్తాద్ ఇంటి ముందు ఆపాను. ఎందుకు ఆపానో చెప్పలేను. ఏదో ఒకరోజు ఆయనకు తెలుస్తుంది, అది నా నోటితోనే తెలియాలనుకున్నానేమో. ఇంజను ఆపకుండానే దిగాను. ఆ బండికి సెల్ఫ్ సరిగా పనిచేయదు, ఆపితే తొయ్యాలి.

"ఎవరిది బండి?" అన్నాడు గడపలోంచి.

"నేను ఉస్తాద్."

"పంతులా! ఎవరన్న ఎక్కించుకొని అచ్చిండ్రా?"

"లేదు. నేనే తోలుకొచ్చిన."

"సెలవులా బడికి?"

"కాదు ఉస్తాద్. బడి ఇడిసిపెట్టిన. మల్ల గిదే పని."

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. బీడీలు చుడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆరేండ్లు జీతం లేకుంట చేసిన. బిడ్డ ఉంది. ఇంకేం చేస్త" అన్నాను.

"కోర్టుల నా వకీలు ఏమన్నడో నీకెర్కనా?" అన్నాడు ఉస్తాద్. గొంతు పెద్దది చెయ్యలేదు. "చావీ గా పోరడు చేతికిచ్చిండని ఒక్క మాట చెప్పు, శిక్ష తగ్గుతదన్నడు. నేను చెప్పలే. ఆ పోరన్ని ఏం అడగొద్దని వకీలుకు చెప్పిన. వాడు పంతులైతడు, వాని మీద కేసు వడొద్దని."

అక్కడే నేల మీద కూర్చున్నాను.

"స్టేషన్ల నువ్వు గా మాటన్నప్పుడు నాకు కోపం రాలే. భయపడ్డడు, పసివోడు అనుకున్న. కోర్టుల అన్నప్పుడు గూడ రాలే. గిప్పుడు అస్తుంది."

"ఉస్తాద్..."

"ఒక మనిషి నా చేతుల సచ్చిండు. కండ్లు వోయినయ్. జైల్ల కూసున్న. గివన్ని అయినా ఒక పంతులైండు కదా అని మనసుల వెట్టుకొని బతికిన. నా దగ్గర గదొక్కటే ఉండె. గది గూడ తీస్కపోయినవ్."

నేను ఆయన పాదాలు పట్టుకోబోయాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"పో. ఇంజన్ చాలూ ఉంది. డీజిల్ కాలుతది" అన్నాడు.

లేచి, బండెక్కి, వెళ్లిపోయాను. సాయంత్రానికల్లా లోడు దించాలి. దించాను.

తర్వాత ఆ రోడ్డున ఎన్నిసార్లు పోయినా ఆ ఇంటి ముందు ఆగలేదు. రెండో ఏడు వానాకాలంలో ఆయన చనిపోయాడని నర్సీలో ఒక డ్రైవర్ చెప్తే తెలిసింది. అప్పటికి పన్నెండు రోజులు దాటాయి. పోయాను. ఉస్తాద్ భార్య చేటలో బీడీల తునికాకు పెట్టుకొని కత్తిరిస్తోంది. నన్ను కూర్చోమంది. ఏం మాట్లాడాలో తెలియక, చివరి రోజుల్లో బాగా బాధపడ్డాడా పెద్దమ్మా అని అడిగాను.

"బాధేం లేదు బిడ్డా. తిన్నడు, పన్నడు" అంది. కత్తెర ఆపకుండానే ఇంకో మాట చెప్పింది. "నువ్వు అచ్చి పోయిన దినం సంది గడపల కూసునుడు బంద్ జేసిండు. లారీ సప్పుడు ఇంటే లేసి ఇంకా లోపలికి పోతుండె."

ఆ ఇంటి ముందు నుంచి రోజంతా లారీలు పోతూనే ఉంటాయి.